అమ్మకి భుజం నొప్పి

ఫిబ్రవరి 3

ఈ పుస్తకం మంచి మాటలు రాసుకోవడానికి కొన్నాను. లైబ్రరీలో చదువుతున్నప్పుడు కంటపడినవి: తొణకడం, అలికిడి, నివురు, ఎడతెగని. మొదటి పేజీలు వాటితోనే నిండాయి. ఇవాళ్టి నుంచి వేరే సంగతులు రాయాల్సి వస్తోంది. ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది, ఎవరికీ చెప్పాలని లేదు.

అమ్మ రిపోర్టు వచ్చింది. ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరే. రొమ్ము మొత్తం తీసెయ్యాలి. చంకలోకి పాకినట్టు లేదు, ఆపరేషన్ చేశాక ఖాయంగా చెప్తామన్నారు. పాకకపోతే కొన్నేళ్లు మాత్రలు మింగితే చాలు. డాక్టరుగారు ఇదంతా బొమ్మ గీసి మరీ చెప్పారు. నాన్న ప్రతి మాటకీ తల ఊపాడు. నాన్న ఎలక్ట్రీషియన్. ఇంటివాళ్లు ఎక్కడెక్కడ స్విచ్చులు కావాలో చెబుతుంటే అలాగే ఊపుతాడు.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"మళ్లీ ఈత ఎప్పుడు మొదలుపెట్టచ్చండీ?"

"ముందు ఆపరేషన్ కానివ్వండమ్మా."

"అది మీ పని. నేను నా పని గురించి అడుగుతున్నాను."

అమ్మ ఊళ్లో ఉన్న ఈతకొలనులో పొద్దున్నపూట ఆడవాళ్లకి ఈత నేర్పుతుంది. అందులో చాలామంది పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఇక చాలు, నీళ్లంటే ఈ భయం వదిలించుకోవాలి అని వచ్చినవాళ్లు. వాళ్లని నీళ్లలోకి దింపడం కన్నా ముందు తువ్వాలు వదిలించడమే పెద్ద పని అంటుంది అమ్మ.

గాయం పూర్తిగా మానాక చూద్దామన్నారు డాక్టరుగారు. తర్వాత నావైపు తిరిగి, అమ్మాయికి కూడా కొంత వయసొచ్చాక ఏటా పరీక్ష చేయించాలి అన్నారు. నేను అప్పుడు గోడ మీది పోస్టరు చదువుతున్నాను. చేతులు ఎలా కడుక్కోవాలి అన్నదాని మీద. తేలిక మాటల్లో బాగా రాశారు.

ఫిబ్రవరి 4

చూసుకున్నాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 7

ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది. చంకలోకి పాకలేదు.

వెయిటింగ్ హాల్లో ఒక స్విచ్ బోర్డు వదులైపోయి వేలాడుతోంది. నాన్న కాసేపు దాన్ని చూశాడు. కాసేపు సీలింగు చూశాడు. ఇక ఉండబట్టలేక లేచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి బిగించేశాడు. నర్సు వచ్చి కేకలేసింది.

"మీరెవరండీ దాన్ని ముట్టుకోడానికి?"

"ఎవరైనా తెలీక చెయ్యి పెడితే షాక్ కొడుతుందమ్మా."

"మీరు పెట్టిందేమిటి మరి, కాలా?"

పిన్ని నవ్వు ఆపుకోలేక దగ్గు నటించింది. పిన్ని అమ్మకి చెల్లెలు, బట్టల కొట్లో ఆడవాళ్ల సెక్షన్ చూస్తుంది. వారం సెలవు పెట్టి వచ్చింది. నేను కూడా నవ్వాను. ఆపరేషన్ రోజున నవ్వానని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎందుకో రాయాలనిపించింది.

మెలకువ రాగానే అమ్మ అడిగిన మొదటి మాట: "క్లాసు ఎవరు చూస్తున్నారు?" స్కూలు పిల్లలకి నేర్పే చిన్న కోచ్ చూస్తోందని చెప్పాను. "ఆ పిల్లకి పిల్లల్ని అదిలించడం తెలుసు, పెద్దవాళ్లని బతిమాలడం తెలీదు," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ఫిబ్రవరి 9

తాబేలు గారు ఫోన్ చేశారు. ఆవిడ అసలు పేరు నాకు తెలీదు, అమ్మ క్లాసులో ఎవరికీ తెలిసినట్టు లేదు. చేరిన కొత్తలో, "నేను తాబేలునమ్మా, నెమ్మదిగా నేర్చుకుంటాను, కసురుకోకండి," అన్నారట. అప్పటి నుంచి అందరికీ తాబేలు గారే. తేలడం నేర్చుకోడానికే రెండేళ్లు పట్టింది ఆవిడకి.

"అమ్మాయ్, మేడమ్ రావట్లేదేం? మానేశారా ఏంటి కొంపదీసి?"

అమ్మ ఎవరికీ చెప్పద్దంది. అంటే, నోటితో అనలేదు, కానీ ఆస్పత్రికి వచ్చేటప్పుడు పక్కింటివాళ్లు ఎక్కడికి అంటే "చిన్న పనుంది" అంది. దాని అర్థం అదే కదా. అందుకని,

"భుజం నొప్పండీ ఆంటీ," అన్నాను.

ఈత నేర్పేవాళ్లకి భుజం నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. చక్కగా అతికింది. ఆవిడ అయ్యో అన్నారు. తర్వాత "ఏ భుజం?" అన్నారు.

"ఎడమది."

ఇందులో మాత్రం అబద్ధం లేదు.

ఫిబ్రవరి 12

అమ్మ ఇంటికొచ్చింది. పక్కన గొట్టం, దానికి చిన్న సీసా. అందులో చేరే నీరు రోజూ పారబోసి ఎంతుందో ఆస్పత్రికి చెప్పాలి. ఆ పని నాది. కట్టు మార్చడం పిన్ని పని. పిన్ని కట్టు విప్పేటప్పుడు నేను టీ పెట్టాను. ఎవరూ అడగలేదు. అయినా పెట్టాను.

ఫిబ్రవరి 13

కట్టు మార్చారు. టీ పెట్టాను.

ఫిబ్రవరి 15

అమ్మ క్లాసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు బడిలో లెక్కల టీచరు, ఇంకొకరు కళ్లజోళ్ల షాపులో పనిచేసే ఆవిడ. నేను తలుపు సగమే తీశాను. అమ్మ నిద్రపోతోందన్నాను. లోపల రేడియో గొంతుకి అడ్డొచ్చి మరీ అమ్మ వార్తలకి జవాబులు చెబుతోంది. వాళ్లకి వినిపించిందో లేదో తెలీదు.

"మోచెయ్యి కిందికి దించేసి చెయ్యి తిప్పితే ఇలాగే అవుతుంది," అంది లెక్కల టీచరు.

"ఎవరికి చెబుతున్నావ్? మోచెయ్యి ఎత్తండి, మోచెయ్యి ఎత్తండి అని మనకి నేర్పిందే మేడమ్. అది వెల్లకిలా ఈతలో పట్టేసి ఉంటుంది."

"వెల్లకిలా ఈతలో కుడి భుజం పడుతుంది ఆవిడకి. ఎడమ కాదు."

"నువ్వు డాక్టరువా?"

"నువ్వా?"

మెట్ల మీద నిలబడి ఇద్దరూ గాలిలో ఈత కొట్టి చూపించుకున్నారు. ఎదురింటాయన కుక్కని ఆపి మరీ చూశాడు. చివరికి నాకో రబ్బరు తాడు ఇచ్చి, తలుపు గడియకి కట్టి ఎలా లాగాలో నేర్పి వెళ్లారు.

అమ్మ లోపల్నుంచి "ఎవరే?" అంది.

"కరెంటు బిల్లు."

ఫిబ్రవరి 16

చూసుకున్నాను. ఏమీ లేదు. సాయంత్రం మళ్లీ చూసుకున్నాను.

ఫిబ్రవరి 19

నిన్న నాన్న సెలవు పెట్టి వంటింటి అరలన్నీ సర్దాడు. పైన ఉండే డబ్బాలు, గిన్నెలు, గ్లాసులు అన్నీ నడుం ఎత్తుకి దించాడు. అమ్మ చెయ్యెత్తక్కర్లేకుండా. చెమటలు కక్కుతూ చేసి, చేతులు దులుపుకుని నిలబడ్డాడు, మెచ్చుకుంటుందని.

ఇవాళ ఆస్పత్రిలో ఎక్సర్‌సైజులు నేర్పే ఆవిడ, "చెయ్యి ఎత్తితేనే సాగుతుంది. వీలైనంత పైకి అందుకోవాలి. ఇంట్లో ఎత్తుమీది వస్తువులు మీరే తీసుకోండి," అంది.

అమ్మ నాన్న వంక చూసింది. నాన్న నేల వంక చూశాడు.

సాయంత్రం మళ్లీ అన్నీ పైకి ఎక్కించాడు.

ఇంకో సంగతి. నాన్న హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. నిద్రలో చెయ్యి తగులుతుందేమోనని అంటాడు. తగలకూడదు కాబట్టి అది సబబే.

ఫిబ్రవరి 23

ఆ ఎక్సర్‌సైజులు చూస్తే నాకు నవ్వొచ్చింది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లతో సాలీడులా పైకి పాకించాలి. తలుపు గడియకి తాడు కట్టి లాగాలి. రబ్బరు తాడుతో లాగాలి. లెక్కల టీచరు నేర్పి వెళ్లినవే! రొమ్ము తీసేస్తే భుజం బిగుసుకుపోతుందట. అంటే అమ్మకి ఇప్పుడు నిజంగానే భుజం నొప్పి. నేను చెప్పింది ఇక అబద్ధం కాదు.

గొట్టం తీసేశారు. అమ్మ గోడ మీద వేళ్లు పాకిస్తూ, పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటూ, పాకినంత మేర తనని తనే తిట్టుకుంటోంది, క్లాసులో వాళ్లని తిట్టినట్టే. "ఎత్తు! ఇంకా ఎత్తు! అదేం ఎత్తడం, ఊపిరి ఎందుకు బిగబట్టావ్?"

కట్టు లేదు ఇప్పుడు. తలుపు వేసుకుని స్నానం చేస్తుంది. నేను గదిలో ఉంటే అటు తిరిగి చొక్కా మార్చుకుంటుంది. నేనూ ఇటు తిరుగుతాను. వెనక నుంచి చూస్తే ఏమీ మారలేదు.

మార్చి 2

సెలవు అయిపోయి వెళ్లిన పిన్ని మళ్లీ వచ్చింది. తన కొట్లోంచి స్పాంజితో చేసినదొకటి తెచ్చింది, లోదుస్తుల్లో పెట్టుకోడానికి.

"నలుగురిలోకి వెళ్లేటప్పుడు పెట్టుకో అక్కా. చూసేవాళ్లకి తెలీదు."

అమ్మ పెట్టుకుంది. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకుంది, చొక్కా సర్దుకుంది. బాగానే ఉంది. బాగానే ఉందని నేనూ అన్నాను. తర్వాత అమ్మ దాన్ని తీసి బకెట్లో నీళ్లలో పడేసింది.

"ఏం చేస్తున్నావే!" అని పిన్ని పరుగెత్తింది.

"ఉండు."

కాసేపాగి తీసి, చేత్తో తూకం చూసినట్టు ఎత్తి పట్టుకుంది. నీళ్లు ధారగా కారాయి.

"చూడు, బకెట్ తాగేసింది. దీన్ని పెట్టుకుని దిగితే నేను ఎడమ పక్కకే మునుగుతాను."

"నీళ్లలోకి ఎవరు దిగమన్నారు? బయటికి చెప్తున్నాను."

"నాకు బయట అంటే అదే."

"అందరి ముందూ అలాగే దిగుతావా? వాళ్లంతా ఏమనుకుంటారు?"

"అదే చూడాలి," అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. కానీ స్పాంజిని పిండడం మాత్రం ఆపలేదు. ఒక్క చుక్క లేకుండా పిండి, మడిచి, మళ్లీ పిండింది.

నీళ్లలో వాడే సిలికాన్‌వి కూడా ఉంటాయట. పిన్ని కనుక్కుంటానంది. అమ్మ చూద్దాం అంది.

మార్చి 6

దీన్ని జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. అమ్మ ఎత్తి స్పీకర్లో పెట్టింది. చిన్న కోచ్.

"మేడమ్! భుజం ఎలా ఉంది? లెక్కల టీచరు వాళ్లు వచ్చినప్పుడు మీరు నిద్రపోతున్నారట. తాబేలు గారు మానేశారు మేడమ్. మూడు వారాలైంది. ఎంత పిలిచినా రానంటున్నారు."

"ఎందుకు?"

"మీ భుజం తన వల్లే పోయిందని. అప్పుడు ఆవిడ లోతులో భయపడి మునుగుతుంటే మీరు ఎడం చేత్తో లాగి పడేశారు కదా, అప్పుడు పట్టేసిందని. నా బరువుకి మేడమ్ చెయ్యి పోయింది, ఇంకోసారి ఆ నీళ్లలో అడుగుపెట్టను అంటున్నారు మేడమ్."

అమ్మ ఫోన్ పెట్టేసి నన్ను పిలిచింది.

"నాకు భుజం నొప్పని చెప్పింది ఎవరు?"

"నేనే. నువ్వే కదా ఎవరికీ చెప్పద్దన్నావ్."

"నేనెప్పుడన్నాను?"

"పక్కింటివాళ్లతో చిన్న పనుందన్నావ్ కదా."

"ఆవిడకి చెబితే బస్సు తప్పిపోతుందని అన్నాను! నేనెప్పుడైనా చెప్పద్దన్నానా? అన్నానా?"

అనలేదు.

"అందుకే ఎవరూ రాలేదన్నమాట, వచ్చినవాళ్లనీ పంపేశావన్నమాట. నెల్లాళ్లుగా చూస్తున్నాను, ఇంతమందికి నేర్పాను, ఒక్కళ్లు కూడా తొంగి చూడలేదేం అని. క్యాన్సరంటే భయపడి రావట్లేదేమో అనుకున్నాను. కరెంటు బిల్లట!"

అమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది, వచ్చినంత తొందరగా పోతుంది. ఇది ఆ కోపం కాదు. గొంతు పెంచలేదు.

"తేలడానికి రెండేళ్లు పట్టిందే ఆవిడకి. రెండేళ్లు చెయ్యి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అది ఊడగొట్టావ్ నువ్వు."

నీ కోసమే అన్నాను. నా కోసం కాదు అంది. ఎవరి కోసమో నువ్వే ఆలోచించుకో అంది.

మార్చి 7

అమ్మ నాతో మాట్లాడలేదు. నాన్న మా ఇద్దరితోనూ మాట్లాడి చూశాడు. చివరికి ఫ్యాన్ విప్పి శుభ్రం చేశాడు.

అమ్మ కోసమే చేశాను.

మార్చి 8

అమ్మ కోసం చేశాను అని రాసి చూశాను, నమ్మకంగా ఉంటుందేమోనని. వాళ్లు వచ్చి ఏమైందని అడిగితే నేను క్యాన్సర్ అన్న మాట పైకి అనాలి. వాళ్లు అమ్మ వంక చూసి, ఆ తర్వాత నా వంక చూస్తారు. డాక్టరుగారు చూసినట్టు.

మార్చి 9

పొద్దున్నే అమ్మ, "చెప్పులేసుకో, తాబేలు గారింటికి," అంది.

ఆవిడది జిరాక్స్ షాపు. ముందు గదిలో మెషిన్లు, వెనక ఇల్లు. మేము వెళ్లేసరికి ఇద్దరు కుర్రాళ్లు సర్టిఫికెట్లు కాపీ తీయించుకుంటున్నారు. ఆవిడ మెషిను మూత ఎత్తి పట్టుకునే అమ్మని చూసి, అలాగే ఉండిపోయారు. ఆకుపచ్చ వెలుతురు ముఖం మీంచి అటూ ఇటూ పోతోంది. లావుగా, పొట్టిగా, కళ్లజోడు తాడుతో మెళ్లో వేలాడేసుకుని ఉంటారు.

"మేడమ్, మీరెందుకొచ్చారు? ఆ చేత్తో బస్సెక్కారా? అయ్యో కూర్చోండి. నాదే తప్పు. ఆ రోజు మీరు కాళ్లు ఆడించమంటున్నారు, నేనేమో కోతిపిల్లలా మీ చెయ్యి పట్టుకుని..."

"తాబేలు గారూ."

"నా బరువెంతో నాకు తెలీదా మేడమ్? మా కోడలు కూడా అంది, ఆవిడ భుజం ఊడి చేతికొచ్చేదే అని."

"తాబేలు గారూ, నా భుజం మీ వల్ల పోలేదు. అసలు పోలేదు. నాకు క్యాన్సర్ వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు."

"అమ్మయ్య!" అన్నారు తాబేలు గారు.

అని, ఏమన్నారో చెవికెక్కి, రెండు చేతులతో నోరు మూసుకున్నారు. మెషిను మూత ధన్‌మని పడింది. కుర్రాళ్లిద్దరూ ఆ సర్టిఫికెట్లు తమవి కావన్నట్టు వీధిలోకి చూస్తూ నిలబడ్డారు.

"అయ్యయ్యో, నేను... నా నోరు పడిపోను, మేడమ్, నేనన్నది అది కాదు, నా వల్ల కాదు కదా అని..."

అమ్మ నవ్వడం మొదలెట్టింది. మొదట ముక్కుతో, తర్వాత ఎడమ పక్క చేత్తో అదిమి పట్టుకుని, వంగి. "నవ్వించకండి, కుట్ల దగ్గర లాగుతోంది," అంటూనే నవ్వింది. తాబేలు గారు ఏడుస్తూ నవ్వారు. ఆపరేషన్ అయ్యాక అమ్మ అలా నవ్వడం ఇదే. చుట్టాలు ఇంతమంది పరామర్శించారు గానీ విని సంతోషించిన మనిషి మీరొక్కరే అంది అమ్మ.

తాబేలు గారు కళ్లు తుడుచుకుని నావైపు చూశారు. "భుజం అన్నావేం అమ్మాయ్?"

నేను సారీ చెప్పాను. ఆవిడ కుర్రాళ్ల కాపీలు తీయడం మొదలెట్టారు. తిట్టి ఉంటే బావుండేది.

వచ్చేటప్పుడు అమ్మ, "మిగతావాళ్లకి మీరే చెప్పెయ్యండి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు," అంది. సాయంత్రానికల్లా తెలియాల్సిన వాళ్లకీ అక్కర్లేని వాళ్లకీ తెలిసిపోయింది. ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మే ఎత్తుతోంది.

మార్చి 11

అమ్మ నాన్నని అడగడం వంటింట్లోంచి విన్నాను.

"ఎన్నాళ్లు ఆ సోఫా?"

"నీకు తగులుతుందేమోనని."

"నేనేమన్నా కరెంటు తీగనా తగిలితే షాక్ కొట్టడానికి?"

"అది కాదు."

"మరేది?"

నాన్న సోఫాలో కదిలిన చప్పుడైంది. తర్వాత, "నిన్ను నొప్పి పెడతానేమోనని భయం. అంతే. ఇంకేం లేదు," అన్నాడు. ఇంకేం లేదు అని రెండుసార్లు అన్నాడు. ఇవాళ దిండు సోఫా మీద లేదు.

మార్చి 14

చూసుకుంటుంటే అమ్మ వచ్చింది. తలుపు గడియ వేయడం మర్చిపోయాను.

నేను చొక్కా కిందికి లాగేసుకున్నాను. అమ్మ మంచం అంచున కూర్చుంది.

"రోజూ చూసుకుంటున్నావా?"

"అప్పుడప్పుడు."

"రోజూనా?"

"రోజూ."

"రోజూ చూస్తే ఏదీ తెలీదు, ప్రతిదీ గడ్డలాగే ఉంటుంది. నెలకోసారి, నెలసరి అయిపోయాక. ఇలా." వేళ్లు మూడు కలిపి, గుండ్రంగా, తన కుడివైపు చూపించింది. నీళ్లలో చెయ్యి ఎలా ఆడించాలో చూపించినట్టే, రెండుసార్లు, నెమ్మదిగా. "ఏదైనా అనుమానమొస్తే నాకు చెప్పు. భుజం నొప్పి అని కాదు."

సరే అన్నాను.

"భయంగా ఉందా?"

ఉంది అన్నాను. నాక్కూడా అంది. అంతే. తర్వాత ఇద్దరం కూరగాయలు తరిగాం.

మార్చి 21

నీళ్లలో దిగచ్చన్నారు. గాయం పూర్తిగా మానింది.

ఈత బట్టలు వేసుకోడానికి ఎడమ చెయ్యి ఇంకా అంత వెనక్కి వెళ్లదు. "రా, పట్టీ లాగు," అని పిలిచింది. పిన్ని ఇక్కడ లేదు. టీ పెట్టడానికి కూడా వేళ కాదు.

చూశాను. అడ్డంగా ఒక గీత, చంక వైపు కొంచెం పైకి తిరిగి. ఎర్రగా ఉంటుందనుకున్నాను, గులాబీ రంగులో ఉంది. గీతకి అటూ ఇటూ చర్మం చదునుగా, కింద పక్కటెముకలు తెలుస్తున్నాయి. ఒక చివర చిన్న మడత. దాని పక్కనే ఎప్పటి నుంచో ఉన్న పుట్టుమచ్చ, అలాగే ఉంది. నేను దీనికి మంచి మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. మొదటి పేజీల్లో ఉన్నవేవీ పనికిరాలేదు.

"నొప్పిగా ఉందా?"

"మొద్దుబారింది. ముట్టుకుని చూడు కావాలంటే."

ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"ఇక లాగు," అంది.

మార్చి 24

మొదటి రోజు. సంచి మోయడానికి, పట్టీలకి నేను కూడా వెళ్లాను. ఇంకో నెల పాటు కాలేజీకి వెళ్లేలోపు అక్కడికి వెళ్లాలి.

ఈత బట్టలు ఇంట్లోనే వేసుకుని పైన కోటు వేసుకుంది. లోపల ఏమీ పెట్టుకోలేదు. క్లాసు బాగా జరిగిందనే రాయాలి. తాబేలు గారు కూడా వచ్చారు. అందరూ గట్టు పట్టుకుని చెప్పినట్టల్లా కాళ్లు ఆడించారు. ఒక్కళ్లు గొణగలేదు. ఒక్కళ్లు నీళ్లు చల్లగా ఉన్నాయనలేదు. లెక్కల టీచరు, కళ్లజోళ్లావిడ పోట్లాడుకోలేదు. అమ్మ ఛాతీ వైపు ఎవరూ చూడలేదు, చూడకుండా ఉండటానికి అందరూ అమ్మ తలకి పైన ఉన్న గడియారం వైపు చూశారు.

స్నానాల గదిలో షవర్లు వరసగా ఉంటాయి, తలుపులు ఉండవు. అమ్మ తువ్వాలు చుట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. లోపల మాటలు టక్కున ఆగిపోయాయి. వెనక్కి తిరిగి, "ఇంటికెళ్లి చేస్తాలే," అని తడి బట్టల మీదే కోటు వేసుకుంది.

దారిలో అంది: "క్లాసా అది? లైబ్రరీలో చదువుకునే గది. నన్ను చూసి గొంతులు తగ్గిస్తున్నారు. ఇలాగే ఉంటే నేను రాను."

"అలవాటు పడతారులే."

"వాళ్లు పడేలోపు నేను పడలేను. ఇంకో వారం చూస్తాను. లేదంటే ఆ పిల్లకే అప్పజెప్పేస్తాను."

అమ్మ ఊరికే అనే మనిషి కాదు.

మార్చి 27

ఇవాళ కూడా అంతే. అందరూ చాలా మర్యాదగా ఉన్నారు. అమ్మ కోటు కింద తడి బట్టలతోనే ఇంటికొచ్చింది. దగ్గుతోంది.

మార్చి 31

ఇవాళ కొత్తగా ఒకావిడ చేరింది. పోస్టాఫీసులో పనిచేస్తుందట. పొడుగ్గా, సన్నగా, తువ్వాలు మెడ దాకా చుట్టుకుని దాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టు మీదే కూర్చుంది. అమ్మ ఎంత పిలిచినా దిగలేదు. క్లాసంతా చూస్తూ కూర్చుంది.

అయిపోయాక అమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. దగ్గు వల్లనో, విసుగు వల్లనో తెలీదు. లోపలికి వెళ్లి, అన్నింటికన్నా చివరి షవరు కింద గోడ వైపు తిరిగి నిలబడి, "పట్టీ," అంది. నేను దింపాను. అందరూ వీపులు రుద్దుకోవడంలో మునిగిపోయారు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

కొత్తావిడ మొహం కడుక్కోడానికి వచ్చింది. తువ్వాలు అలాగే ఉంది. అమ్మ తల రుద్దుకోవడానికి కుడి చెయ్యి మాత్రమే వాడుతోంది. ఆవిడ కాసేపు చూసి, నన్ను అడిగింది, మామూలు గొంతుతోనే.

"మేడమ్ గారి భుజానికేమైంది? ఎడమ చెయ్యి లేవట్లేదేం?"

ఎవరో షవరు కట్టేశారు. లెక్కల టీచరు సీలింగు వైపు చూసింది. తాబేలు గారు సబ్బుతో సహా ఆగిపోయి నా వైపే చూశారు. అమ్మ వీపు కదల్లేదు.

"భుజానికేం కాలేదండీ," అన్నాను. "అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమది తీసేశారు. అందుకని చెయ్యి ఇంకా సాగాలి."

పలకలు పరిచిన గది కదా, అనుకున్నదానికన్నా గట్టిగా మోగింది. కొత్తావిడ నా వంక చూసింది, అమ్మ వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది. ఆవిడకి నిజంగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది.

"మరి నేను మునిగితే ఎలా? ఎవరు లాగుతారు?"

"నేను లాగుతాను," అన్నారు తాబేలు గారు.

లెక్కల టీచరు సీలింగు మీంచి చూపు దించింది. తర్వాత కళ్లజోళ్లావిడ కిసుక్కుమంది. లెక్కల టీచరు, "ఆవిడ లాగితే ఇద్దరూ ఒకేసారి చేరతారు అడుగుకి," అంది.

"ఏం, నీ వెల్లకిలా ఈత కన్నా నేను నయం," అన్నారు తాబేలు గారు.

"నా ఈతకేం వచ్చింది!"

"ఎడమ పక్కకి పోతావ్ గోడ గుద్దుకునేదాకా."

అమ్మ ఇటు తిరిగింది. పూర్తిగా తిరిగింది, జుట్టు నిండా నురగతో, ఒక కన్ను మూసుకుని, నవ్వుతూ.

"ముందు మీరు లోతులో తేలండి తాబేలు గారూ, లాగే సంగతి తర్వాత! సబ్బెవరి దగ్గరుంది? కళ్లలో పడి చస్తున్నాను, ఇటు పడెయ్యండి!"

సబ్బు చేతులు మారింది. షవర్లన్నీ మళ్లీ తిప్పారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నీళ్లు చల్లగా ఉన్నాయని కూడా ఎవరో అన్నారు. ఈసారి చూడాలనుకున్నవాళ్లు చూశారు. అమ్మ చూడనిచ్చింది.

కొత్తావిడ ఇంకాసేపు నిలబడింది. తర్వాత తువ్వాలు విప్పి కొక్కేనికి తగిలించింది.